తల వాల్చిన పువ్వు

నాకు అక్షరాలు అరవై దాటాక వచ్చాయి. పుట్టింట్లో తమ్ముళ్ళు బడికి పోతుంటే నేను చంటిపిల్లల్ని ఎత్తుకుని ఇంట్లో ఉండేదాన్ని. పెళ్ళయి పట్నంలో కిషన్‌బాగ్ వచ్చాక నేర్పే మనిషి పక్కనే ఉన్నాడు గానీ నాకు చేతులు ఖాళీ లేవు. మా ఆయన దుకాణాలకు బోర్డులు రాసేవాడు. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడూ రాసేవాడు. ఆయన గీత గీసి ఇస్తే లోపల రంగు నింపేది నేను. ఎన్ని దుకాణాల పేర్లు నింపానో, ఒక్కటీ చదవలేదు. "ఇది 'క', యాది పెట్టుకో" అనేవాడు. "అన్నం పొంగుతున్నది, రేపు చెప్పు" అనేదాన్ని. ఆ రేపు మా తమ్ముడి మనుమరాలి పలక మీద వచ్చింది. వచ్చాక కూడా ఈ సంగతి రాయడానికి కొన్నేళ్ళు వెనకాడాను.

బోర్డుల పని అన్నిరోజులూ ఉండేది కాదు. పంతొమ్మిది వందల డెబ్బైల్లో ఒక ఎండాకాలం, అఫ్జల్‌గంజ్‌లో పటాలకు ఫ్రేములు కట్టే సేటు ఆయనకు పాత క్యాలెండర్ కాగితం ఒకటి ఇచ్చాడు. ఎవరో పరదేశపు చిత్రకారుడు వేసిన బొమ్మ. మట్టి కూజాలో పొద్దుతిరుగుడు పూలు. లోకమంతా ఎరిగిన బొమ్మని సేటు చెప్పాడు. చేత్తో వేసిన అలాంటి బొమ్మలు కొత్త ఇళ్ళవాళ్ళు, హోటళ్ళవాళ్ళు అడుగుతున్నారట.

ఆ కాగితంలో గోడ పసుపు, కూజా పసుపు, పూలూ పసుపే.

"అన్ని పసుపే అయితే ఏది ఏందో ఎట్ల తెలుస్తది?" అని అడిగాను.

"నీ పప్పు పసుపు వేరు, నిమ్మకాయ పసుపు వేరు. చూడు జర."

సరేసు బంక కాచి, సుద్దపొడి కలిపి బట్టకు పూయడం నా పని. అది ఆరాక ఆయన పెన్సిల్‌తో గీత గీసేవాడు. గోడా కూజా నేను నింపేదాన్ని. పూలు మాత్రం ఆయనవే. మొదటి బొమ్మ కాగితంలో ఉన్నది ఉన్నట్టే వేశాడు. అందులో కొన్ని పూలు నిండుగా విచ్చుకుని ఉంటాయి, కొన్నిటికి రేకులు రాలి ఉంటాయి. ఒకటి తల పూర్తిగా వాల్చి కూజా అంచు మీదుగా కిందికి వేలాడుతుంది. ఆయనకు అన్నిటికంటే ఆ పువ్వు మీదే ఇష్టం. దాని కాడ వంపు కోసం ఒక పూటంతా కూర్చున్నాడు.

ఆ బొమ్మ సేటుకు ఇచ్చేటప్పుడు నేనూ వెంట ఉన్నాను. సేటు దాన్ని వెలుతురుకు తిప్పి చూశాడు.

"పని మంచిగున్నది భాయ్. మరి ఇదేంది, పువ్వు వాడింది?"

"కాగితంల గట్లనే ఉన్నది సేటూ."

"కాగితంల ఉంటది. కొత్త కోడలు ఇంట్ల అడుగు పెడ్తే ఎదురుంగ వాడిన పువ్వు కనవడాల్నా? ఎవడు కొంటడు?"

"కూజాల పెట్టిన పూలు వాడవా? మీ ఇంట్ల వాడవా?"

"వాడితే పారేస్తం. గోడకు మేకు కొట్టి పెట్టుకోం. లేపు, అన్ని లేపు."

అప్పటి నుంచి మా ఇంట్లో తయారైన ప్రతి బొమ్మలో పూలన్నీ నిటారుగా నిలబడ్డాయి. పెళ్ళికొచ్చినోళ్ళు ఫోటో దిగినట్టు ఉన్నాయని ఆయనే నవ్వేవాడు. తడి ఆరని బొమ్మలను ఎదురెదురుగా పెట్టి, మధ్యలో చెక్కముక్కలు పెట్టి, సైకిల్‌కు కట్టుకుని అఫ్జల్‌గంజ్ పోయేవాడు. "పెయింటర్ భాయ్, ఎవరి పెళ్ళికి పూలు?" అని గల్లీలో అడిగేవాళ్ళు.

ఒకరోజు ఆయన అన్నం తింటూ అన్నాడు. "ఒక్కటి ఉన్నదున్నట్టు వేస్త. ఎవ్వలకు అమ్మను. మనింట్ల పెడ్త."

"పూల బొమ్మే పెట్టాల్నంటే మంచిది పెట్టుకోరాదా బిడ్డా" అని మా అత్త మొత్తుకుంది. "వాడిన పువ్వు ఇంటికి మంచిదా?"

"అమ్మా, నువ్వు వాడలేదా? ఇంట్లనే ఉన్నవు గదా."

అత్త చేతిలోని విసనకర్ర విసిరింది. ముగ్గురం నవ్వాం.

ఆ బొమ్మ మొదలుపెట్టిన కొన్నాళ్ళకే దగ్గు పట్టుకుంది. దవాఖానాలో రంగుల వాసనకు దూరంగా ఉండమన్నారు. బోర్డులు మానేశాడు, సేటు బొమ్మలు మానేశాడు, ఇదొక్కటి మానలేదు. కిటికీ పక్కన కూర్చుని, ఓపిక ఉన్న రోజు ఒక పువ్వు, లేని రోజు ఒక రేకు వేసేవాడు. నేను గోడా కూజా ఎప్పుడో నింపేశాను. నా పని అయిపోయి ఆయన పని మిగలడం అంతకు ముందు ఎప్పుడూ లేదు. వానలు పడేసరికి అన్ని పూలూ అయ్యాయి, ఆ వాలినది తప్ప. దానికి పెన్సిల్ గీత మాత్రం గీశాడు. ఆ రోజు దగ్గులో రక్తం పడింది.

రిక్షా ఎక్కిస్తుంటే లోపలికి చూసి, "పెయింట్ మూతలు మంచిగ పెట్టు, గడ్డ కడ్తయి. ఒక్క పువ్వే గదా, వచ్చినంక వేద్దాం" అన్నాడు.

రాలేదు.

పదకొండో నాడు ఆడవాళ్ళు నా తల నిండా పూలు పెట్టి, తీసేశారు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు సేటు ఇంటికి వచ్చాడు. అరటిపండ్లు తెచ్చి అత్త ముందు పెట్టాడు. మంచివాడే. పోయేటప్పుడు కిటికీ దగ్గరి బొమ్మ చూశాడు.

"ఇంత మంచిగ ఎన్నడు వెయ్యలేదు" అన్నాడు. నా వైపు తిరిగి, "అమ్మా, ఆ ఒక్క పువ్వు లేపి ఇయ్యి, తీసుకుంట. నీ చేతికి వచ్చు గదా. ఇగ నుంచి పని గూడ నీకే ఇస్త" అన్నాడు.

ఇంట్లో బియ్యం డబ్బా అడుగు కనిపిస్తోంది. పెన్సిల్ గీత చెరిపితే పోతుంది. వాలిన తల చెరిపి పైకి గీస్తే మేము తింటాం. ఆ సాయంత్రం రబ్బరు చేతిలో పట్టుకుని బొమ్మ ముందు కూర్చున్నాను. వాడిన పువ్వు వద్దన్నది అత్తే కాబట్టి ఆమెనే అడిగాను.

"లేపమంటవా అత్తా?"

అత్త గోడకు ఆనుకుని ఉంది. ఇటు చూడలేదు.

"లేపితే వాడు లేస్తడా? ఉండనియ్యి. వాడు గీసిందే ఉండనియ్యి."

మరునాడు పొద్దున రంగుల పెట్టె తెరిచాను. పసుపు ట్యూబు మీద ఆయన బొటనవేలు నొక్కిన గుంట అట్లాగే ఉంది. ఇంకా కొంచెం రంగు ఆ గుంట కిందే ఉంది. అక్కడ నొక్కితే తప్ప బయటికి రాదు. నొక్కాను. పసుపులో ఇటుక రంగు కలిపి, వాలిన పువ్వును ఆయన గీత దాటకుండా నింపాను. ఎండ కిటికీ దాటేసరికి అయిపోయింది. బొమ్మను అత్త మంచం ఎదురుగా గోడకు పెట్టి, చెయ్యి కడుక్కుని, సేటు బొమ్మల కోసం నేను ఎప్పుడో సుద్ద పూసి ఉంచిన బట్ట ముందు కూర్చున్నాను. పెన్సిల్ చెక్కి మొట్టమొదటి గీత గీశాను. కూజా వంకర వచ్చింది. చెరిపి మళ్ళీ గీశాను.