లేబుళ్లు వెనక్కి తిప్పిన మనిషి

మూడు వారాల కిందట శుక్రవారం ఉదయం బెంజ్ సర్కిల్ దగ్గర బస్సు కోసం నిలబడి ఉండగా ఫోను మోగింది. "నాన్న పోయారు మేడమ్, గుండెపోటు" అన్నాడు మస్తాన్ గారి పెద్దబ్బాయి. నేను ఎక్కాల్సిన బస్సు వచ్చింది, వెళ్లిపోయింది. అంతకు నాలుగు రోజుల ముందే ఆయన నాతో పాటు కూర్చుని మొలకలు వేశారు. నమ్మశక్యం కాలేదు.

షేక్ మస్తాన్ గారు మా వరి పరిశోధన క్షేత్రంలో ముప్పై ఏళ్లకు పైగా సహాయకులు. రిటైరయ్యాక కూడా వారానికి మూడు రోజులు వచ్చేవారు. మేము విడుదల చేసిన వంగడాల పత్రాల్లో శాస్త్రవేత్తల పేర్లుంటాయి, ఆయన పేరుండదు. అందుకే ఈ నాలుగు మాటలు.

ఆయన వృత్తి సుడిదోమను పెంచడం. వరి దుబ్బు మొదట్లో చేరి రసం పీల్చి, పైరును సుడులు సుడులుగా ఎండగొట్టే పురుగు అది. "మేం చంపలేక చస్తుంటే మీరు మేపుతున్నారా సాయిబు గారూ?" అని గుడివాడ వైపు రైతు ఒకాయన నిలదీశాడు. "ఆకలి మీదున్న దోమ లేకపోతే మీ వరికి పరీక్ష ఎవరు పెడతారండీ?" అన్నారీయన, చేతిలోని లేత నారు కింద పెట్టకుండానే.

జన్యువు అంటే ఏమిటని విద్యార్థులు అడిగితే నేను అరగంట చెప్పేదాన్ని. ఆయన రెండు ముక్కల్లో తేల్చేసేవారు. "దోమ మూతి పెట్టగానే కొన్ని మొక్కలకి తెలిసిపోద్ది బాబూ. రసం గొట్టాలకి మొక్క తనే బిరడా పెట్టుకుంటది. దోమ పస్తులుంటది. ఆ తెలివి తల్లి విత్తనం నుంచి రావాల, మనం మందు కొడితే వచ్చేది కాదు." నా పాఠంలో ఇంతకంటే ఎక్కువేమీ లేదని ఒప్పుకుంటాను.

పరీక్ష పద్ధతి ఇది. ట్రేలో కొత్త వంగడాల మొలకలు వరసకొకటి వేస్తాం. మధ్యలో దోమకు తట్టుకోలేని పాత రకం ఒక వరస ఉంటుంది. దాన్ని ఆయన 'సాక్షి వరస' అనేవారు. దోమల్ని వదిలాక సాక్షి పూర్తిగా ఎండిన రోజునే మిగతావాటికి మార్కులు వేయాలి. పచ్చగా నిలిస్తే సున్నా, చస్తే తొమ్మిది. అప్పటిదాకా ఆయన లేబుళ్లన్నీ వెనక్కి తిప్పి ఉంచేవారు. "పేరు చూస్తే కన్ను మొహమాటపడుద్దమ్మా" అనేవారు.

నా కన్ను మొహమాటపడింది. అడవి వరి నుంచి జన్యువు తెచ్చి, ఆరేళ్లు కష్టపడి తయారు చేసుకున్న వంగడం నాది. విత్తనం విడుదల చేసే కమిటీ ముందు పెట్టాలి, గడువు ముంచుకొచ్చింది. మస్తాన్ గారు రంజాన్ పండక్కి సెలవు పెట్టారు. సాక్షి వరసలో ఇంకా పచ్చదనం ఉండగానే నేను లేబులు తిప్పి చూసి, నా వరసకు మూడు వేశాను.

ఆయన వచ్చి మార్కుల పుస్తకం చదివారు. "సాక్షి చచ్చిందా మేడమ్ అప్పటికి?"

"చచ్చింది" అన్నాను.

ఆయన నన్ను ట్రే దగ్గరకు తీసుకెళ్లారు. సాక్షి ఆ రోజుకు గాని పూర్తిగా ఎండలేదు. దాని పక్కనే నా వరస కూడా నేలకొరిగి ఉంది. "పామర్రు రైతు ఈ విత్తనం చల్లుకుంటే ఆయనకి ట్రే ఉండదమ్మా, ఉన్న పొలమంతా పరీక్షే" అన్నారు నెమ్మదిగా. పెన్ను నా చేతికిచ్చారు. "మీరే మార్చండి. నేను రాస్తే ఫిర్యాదవుద్ది. మీరు రాస్తే దిద్దుబాటవుద్ది."

మూడు కొట్టేసి తొమ్మిది రాశాను. నెల రోజులు ఆయనతో ముభావంగా ఉన్నాను, సిగ్గు లేకుండా. మళ్లీ మొదటి నుంచి సంకరం చేసి తెచ్చిన వంగడమే ఇవాళ డెల్టాలో నిలబడుతున్నది. దానికి విజయవాడలో నన్ను సన్మానించారు. ఆయన వెనక వరసలో కూర్చుని చప్పట్లు కొట్టారు. ఆ ట్రే సంగతి ఎన్నడూ ఎవరితోనూ అనలేదు. నేనూ ఆయనకు కృతజ్ఞత చెప్పలేదు. చెబుదాం, ఎక్కడికి పోతారులే అనుకున్నాను.

ఆయన చివరిగా వేసిన ట్రేలో దోమల్ని మేమే వదిలాం. నిన్న ఆ ట్రేలో సాక్షి ఎండింది. లేబుళ్లన్నీ ఆయన తిప్పిపెట్టినట్టే ఉన్నాయి. ముట్టుకోకుండా మార్కులు వేసి, ఆ తరువాత ఒక్కొక్కటే తిప్పాను. ఈసారి నా కొత్త వంగడానికి ఏడు వచ్చింది. ఏడే ఉంచాను.

మార్కుల పట్టీ కింద రెండు సంతకాలకు చోటుంటుంది. ఒకటి చూసినవారిది, రెండోది సరిచూసినవారిది. మొదటిది నేను పెట్టాను. రెండోది పెట్టమని ఎవరిని అడగాలో తెలియక, మస్తాన్ గారూ, పుస్తకం తెరిచే ఉంచి వచ్చాను.