మామగారి గడ్డం కత్తి

ఆయుధపూజ నాడు మా ఇంట్లో కొడవళ్ళ పక్కన గడ్డం గీసుకునే కత్తి కూడా ఒకటి పూజలో ఉండేది. అది నేను చూడని మా మామగారిది. మా ఆయనకు పాలపళ్ళు ఊడే వయసులోనే ఆయన పోయారు. అప్పటినుంచి ఏటా అత్త దాని అలుగుకు గంధం పూసి, కొడుకు చేత కుంకుమ పెట్టించి, పట్టుగుడ్డలో చుట్టి దేవుడి గూట్లో పెట్టేది. పూజ చేసినదాన్ని తుడవకూడదని ఆమె నమ్మకం. గంధం మీద గంధం పేరుకుని, ఆ అలుగు ఎండిన మట్టిపెళ్ళలా తయారైంది.

అవి యుద్ధం రోజులు. చిత్తూరు అంగళ్ళలో బ్లేడు దొరకడం గగనంగా ఉండేది. మా ఆయనకు ఆ చింత లేకపోయింది. భార్య కడుపుతో ఉన్నన్నాళ్ళూ భర్త గడ్డం తీయకూడదు, బిడ్డ పుట్టి పురుడు వెళ్ళే రోజున తీయాలి. అది మా ఆచారం. మాకు ఆడపిల్ల పుట్టింది. అమ్మ లేనిదాన్ని గనుక పురుడు అత్తే పోసింది. ఆ పుణ్యం ఆమెది.

పేరు పెట్టే ముందురోజు, పురిటి గది ఎదుట వసారాలో కూర్చున్న తల్లి దగ్గరికి మా ఆయన వచ్చారు.

"మా, నాయన కత్తి ఇస్తావా? రేపు దాంతోనే గీసుకుంటా."

"మంగలాయన్ని పిలిస్తే రాడా? ఎలుగ్గొడ్డు మాదిరి ఉండావని భయపడతాడా?" అత్త నవ్వింది.

"వస్తాడులే. నా బిడ్డకు పేరు పెట్టేటప్పుడు నాయనది ఏదో ఒకటి నా మీద పడల్లని ఉండాది మా."

అత్త నవ్వు ఆగింది. లోపలికి వెళ్ళి గుడ్డమూట తెచ్చి ఒళ్ళో పెట్టుకుంది, విప్పలేదు. కొడుకు అటు వెళ్ళాక గడప లోపలున్న నాతో అంది.

"ఆయన కడాకు గీసుకున్నప్పటి సబ్బు నురగ ఇంకా ఆ పిడి సందులో ఎండి ఉండాది మే. అది కడిగేస్తే ఆయనది నాకేముంటాది?"

ఇంతలో బిడ్డ నిద్రలో మూలిగింది. అత్త దానివైపు కాసేపు చూసి, మెల్లగా ముడి విప్పింది.

పురిటి మైలలో నేను ముట్టుకోకూడదు. ఇత్తడి తోమే అలవాటుకొద్దీ, "చింతపండు పెట్టి తోము అత్తా," అన్నాను.

"సాల్లే! చింతపండు ఉక్కును తినేస్తాది. ఇదేమన్నా చెంబా?"

వేడినీళ్ళలో ముంచిన గుడ్డ కప్పి, నానిన గంధాన్ని వెదురుపుల్లతో నెట్టింది. పెళ్ళలు ఊడాక తుప్పు కనబడింది. జల్లించిన బూడిదను ఆముదంలో కలిపి, అలుగు వీపు నుంచి అంచు వైపుకే రుద్దింది. పిడి సందును చివరికి ఉంచింది. చీపురుపుల్ల పట్టుకుని చాలాసేపు ఆగి, లోపలికి పెట్టి లాగింది. తెల్లటి పొడి, అందులో రెండు పొట్టి వెంట్రుకలు కింద పరిచిన అరిటాకు మీద పడ్డాయి. నల్లటివి. గాలికి అవి ఎగిరిపోతుంటే ఆమె చేయి అడ్డం పెట్టలేదు.

మర్నాడు మా ఆయన కత్తెరతో గుబురు తగ్గించి, సానరాతి మీద నూరిన ఆ కత్తితో పెరట్లో గడ్డం గీసుకున్నారు. దవడ కింద తెగి రక్తపు చుక్క వచ్చింది. పటిక తెచ్చిన అత్త పకపకా నవ్వింది.

"సూడు, మీ నాయన కూడా సరిగ్గా ఆడే కోసుకునేటోడు! మళ్ళా అద్దాన్ని తిట్టేటోడు!"

"నాకెప్పుడూ చెప్పలేదే మా?"

"చెప్తే ఏడుపొస్తాదని చెప్పలేదురా."

అంతకుముందు మామగారి ఊసెత్తితే ఆమె లేచి వెళ్ళిపోయేది. ఆ రోజు బారసాల వంటలు చల్లారుతున్నా చెబుతూనే ఉంది. ఆయన కాకరకాయ కూర చూస్తే కంచం ముందునుంచి లేచిపోయేవారట. తిరుమల మెట్లు ఎక్కేటప్పుడు గొంతెత్తి పాడేవారట, స్వరం ఎక్కడా కుదిరేది కాదట. తల స్నానం చేసిన నేను బిడ్డతో పక్కన కూర్చుని, ఏడుకొండలవాడికి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. మా ఆయన పటిక చేతిలోనే పట్టుకుని, "ఇంకా చెప్పు మా," అంటున్నారు.