కదిరమ్మ గొంతు పెట్టిన ప్రోగ్రాం

పెనుకొండ ఝాన్సీకి చదువు మీద ఇష్టం లేక కాదు. ఇంటర్నెట్ ముందు కూర్చుంటే చేతులు ఆమె మాట వినేవి కావు, అంతే. 2009లో హిందూపురంలో ఎంసీఏ ఆఖరి ఏడాది చదువుతోంది. ప్రాజెక్టు పనని ల్యాబ్‌లో కూర్చునేది. పది నిమిషాలకల్లా సినిమా కబుర్లలో ఉండేది. పక్క కుర్చీలో ధర్మవరం నాగేంద్రది క్రికెట్ స్కోర్ల జబ్బు. చివరికి ఇద్దరూ ఆ జబ్బునే ప్రాజెక్టుగా తీసుకున్నారు. బ్రౌజర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాం అది. చదువుకునే వేళలో పనికిరాని సైటు తెరిస్తే, ‘దయచేసి చదువుకోండి’ అని తెర మీద చూపిస్తుంది.

దాన్ని మొదట లెక్కచేయనివాడు నాగేంద్రే. ఆ అక్షరాలను పక్కకు నెట్టి స్కోరు చూశాడు.

“రాతకు ఎవురు భయపడతారు? మా అవ్వతో తిట్టిద్దాం” అంది ఝాన్సీ.

ఆదివారం నాగేంద్ర ధర్మవరం నుంచి వస్తూ పెనుకొండలో బస్సు దిగాడు. అవ్వ కదిరమ్మ పంచలో శెనక్కాయలు ఒలుస్తోంది. ఝాన్సీ సెల్‌ఫోను ఆమె ముందు పెట్టి సంగతి చెప్పింది.

“మొగం చూడకుండా తిట్లు యాడ్నుంచి వస్తాయే?” అంది అవ్వ.

నాగేంద్రను ఎదురుగా కూర్చోబెట్టారు. ఇక ఆమెకు అడ్డు లేకపోయింది.

“మీ నాయన పొద్దస్తమానం మగ్గం ముందర కూచోని నడుము ఇరగ్గొట్టుకుంటాంటే, నువ్వు ఈడ ఎవుడో కట్టె తిప్పేది చూస్తాండావా?”

ఇరవై నిమిషాలు అలాగే సాగింది. నాగేంద్ర తలెత్తలేదు.

“మా నాయన సంగతి ఈమెకెట్ల తెలుసు?” అని మెల్లగా అడిగాడు.

“నేనే చెప్పినా” అంది ఝాన్సీ.

తిట్లను ముక్కలు చేసి ప్రోగ్రాంలో పెట్టి, ల్యాబ్ కంప్యూటర్లన్నింటికీ ఎక్కించారు. వారం తిరిగేసరికి ల్యాబ్ కిటకిటలాడింది. క్రికెట్ అంటే ఏమిటో తెలియని ఆడపిల్లలు కూడా స్కోర్లు తెరుస్తున్నారు. ఒకే ఇయర్‌ఫోనుకు ముగ్గురేసి వేలాడుతున్నారు. ల్యాబ్ చూసుకునే శారదమ్మ మేడం ఝాన్సీని పిలిచి, “చదివేవాళ్లను చెడగొట్టేదానికా ఈ ప్రాజెక్టు?” అని అడిగింది.

ఝాన్సీ ఇంటికి వచ్చి అవ్వకు ఉన్నదున్నట్టు చెప్పింది.

“నవ్వుతాండారా? ఆ ఫోను ఇట్ల తే” అంది కదిరమ్మ. ఈసారి ఒకే మాట చెప్పింది: “అన్నం తిన్న్యావా నాయనా? సరే, సదువుకో.”

మర్నాడు ఝాన్సీ తిట్లన్నీ తీసేసి ఆ మాటే పెట్టింది. స్కోరు తెరిచిన నాగేంద్ర అది విని, సైటు మూసి లేచాడు.

“యాడికి?” అంది ఝాన్సీ.

“మా అమ్మకు ఫోన్ చేసొస్తా.”

అతని వెనకే మరో నలుగురు బయటికి పోయారు. అరగంటకు తిరిగొచ్చి, ఎవరూ చెప్పకుండానే పుస్తకాలు తీశారు.

ప్రాజెక్టు పరీక్షకు వచ్చిన బయటి కాలేజీ పెద్దాయన నమ్మలేదు. చూద్దామని తనే షేర్ల ధరల సైటు తెరిచాడు. కదిరమ్మ అడిగింది. ఆయన గడియారం చూసుకున్నాడు. రెండున్నర.

“ఇంకా లేదమ్మా” అని కంప్యూటర్‌కే జవాబిచ్చి, పరీక్ష ఆపి భోజనానికి లేచాడు.

ఎనభై రెండు మార్కులొచ్చాయని ఝాన్సీ చెప్పగానే, ఎన్నిటికని అడిగింది అవ్వ.

“నూటికి.”

“మిగిలిన పద్దెనిమిదీ పెట్టుకోని ఆయప్ప ఏం చేసుకుంటాడంట?”