పర్ర గట్టు మీద గడ్డిపరక

నా చిన్నప్పుడు వాన పడితే మిగతా పిల్లలు కాగితం పడవలు చేసుకునేవాళ్లు. నేను మాత్రం గుమ్మంలో కూర్చుని ఎన్ని మెట్లు మునిగాయో చూసుకునేదాన్ని. అనకాపల్లికి చేపలు మోసుకెళ్లి అమ్ముకునే సముద్రపు ఒడ్డు ఊరు మాది. ఇళ్ల వెనకే ఉప్పు పర్ర. పోటు వచ్చినప్పుడు సముద్రం ఆ బురద నేలలోకి పొంగుతుంది, తర్వాత వెనక్కి పోతుంది. ఊరికీ పర్రకీ మధ్య ఒక మట్టిగట్టు. వాననీళ్లు ఊళ్లో నిలిస్తే ఆ గట్టు తెగ్గొట్టి పర్రలోకి వదిలేవాళ్లు. అయితే పోటు తగ్గాకే తెగ్గొట్టాలి. తొందరపడితే మన నీళ్లు పోవు సరికదా, సముద్రమే ఊళ్లోకి, తాగే నూతిలోకి వచ్చేస్తుంది.

ఎప్పుడు తెగ్గొట్టాలో చెప్పేది మా తాతయ్య. అప్పటికే ఆయనకు చూపు బాగా మందగించింది. అందుకని పర్రలో ఒక కర్ర పాతి, నీరు ఎంతవరకు ఉందో నన్ను చూసి చెప్పమనేవాడు. తన కళ్లు మనవరాలి దగ్గరున్నాయని అందరితో గొప్పగా చెప్పుకునేవాడు. అది విని నేను ఊళ్లో కాస్త ఎగిరిపడేదాన్ని కూడా.

ఆ ఏడు ముసురు మూడు రోజులు వదల్లేదు. పది రోజుల తమ్ముణ్ణి పక్కలో వేసుకుని అమ్మ నులక మంచం మీద ఉంది. మధ్యాహ్నానికి ఇంట్లోకి నీళ్లొచ్చి మంచం కోళ్లను తాకాయి. అమ్మ తమ్ముణ్ణి తీసి గుండెల మీద వేసుకుంది. నేను గట్టు దగ్గరికి పరిగెత్తాను.

గట్టు మీద పారలు పట్టుకుని మావయ్యలు సిద్ధంగా ఉన్నారు. తాతయ్య కర్ర సంగతి అడిగాడు. నీరు ఒక్క వేలు కూడా తగ్గలేదు. తగ్గిందని చెప్పేశాను.

ఒక మావయ్య పార ఎత్తాడు. తాతయ్య చెయ్యి అడ్డం పెట్టి, తడుముకుని ఒక గడ్డిపరక తుంచి నాకిచ్చాడు.

"దీన్ని పర్రలో ఎయ్యి. ఎటెల్తందో సూసి సెప్పమ్మా."

ఎప్పుడూ చేసే పనో, నా గొంతు విని అనుమానించాడో నాకు ఇప్పటికీ తెలియదు. పరక కాసేపు తిరిగి, మెల్లగా మా గట్టువైపే వచ్చింది. ఇంకో అబద్ధం ఆడదామనే అనుకున్నాను. కానీ ఆయన ముఖం నా వైపు తిప్పి, నేను ఏం చెబితే అదే నిజమన్నట్టు వింటున్నాడు. నా వల్ల కాలేదు.

"మన్వైపే వత్తంది తాతా" అని ఏడ్చేశాను.

ఎత్తిన పార దిగింది. తాతయ్య తిట్టలేదు. దగ్గరకు లాక్కుని, నాకు మాత్రమే వినపడేలా అన్నాడు.

"బయమేత్తంటే బయమేత్తందని సెప్పు. తగ్గిందని సెప్పకు. నువ్వు సెప్పిందే కదమ్మా నాను సూసేది."

ఆ తర్వాత పరక వెనక పరక వేస్తూ కూర్చున్నాను. పొద్దు వాలే వేళకు ఒకటి కదలకుండా నిలిచింది. తర్వాతది సముద్రంవైపు సాగింది. నమ్మకం చాలక మరో మూడు వేసి చూసుకుని అప్పుడు చెప్పాను. గట్టు తెగింది. మంచం కిందనుంచి నీళ్లు బయటికి పోతుంటే అమ్మ నవ్వింది.

ఇప్పుడు పర్రలో సగానికి గ్రావెల్ పోసి ప్లాట్లు వేశారు. గట్టు ఉన్నచోట సిమెంటు తూము, ఇనుప తలుపు వచ్చాయి. నీరు నిలవడానికి చోటు తగ్గి, వానంటే నా భయం ఇంకా పెరిగింది. పర్ర పక్కనే ఉంటాను కాబట్టి తూము తలుపు ఎత్తే కుర్రాళ్లు ఫోన్ చేసి, తలుపు ఎత్తమంటావా, తగ్గిందా మామ్మా అని అడుగుతారు. నీళ్లు గుమ్మం ఎక్కుతుంటాయి, లోపల మునిమనవరాలు నిద్రపోతుంటుంది. తగ్గిందన్న మాట నాలుక చివరిదాకా వస్తుంది. గడ్డిపరక వేసి చూస్తాను.

"నేదురా. నాకు బయమేత్తంది. అయినా ఆగండి" అంటాను.