రాణిగారి మెడలో మా అత్తగారి కాసులపేరు

ఇప్పుడంటే నాయకులు ఫోన్లోనే కనిపిస్తున్నారు గానీ, అప్పట్లో బందరుకి పెద్దవాళ్ళెవరైనా వస్తున్నారంటే మా చిలకలపూడిలో చేతినిండా పనే. ఎవరొచ్చినా మేం పెట్టేది మా చేతి గిల్టు నగే కదా. (నవ్వకుండా రాయవే, మనవరాలా!) ఓసారి ఎన్నికలకి వస్తున్నది సినిమాల్లో రాణి వేషాలు వేసి, రాజకీయాల్లోకొచ్చి మంత్రుల్నే చేతులు కట్టించి నిలబెట్టిన ఆవిడ. అందుకని మీ తాతయ్య మా అత్తగారి బంగారు కాసులపేరు ఎదురుగా పెట్టుకుని, అచ్చం అలాంటిదే గిల్టులో చేశారు. దాన్ని మా వీధి తరఫున ఆవిడ మెడలో వేసే పని నాది. "నువ్వసలే కంగారు మనిషివి, పెట్టె నేను సర్దుతాలే" అన్నారు అత్తగారు. గిల్టుది పెట్టెలో పెట్టానని, అసలుది తను వేసుకున్నానని చెప్పి, మీటింగులో ముందు వరసలో కూర్చున్నారు.

స్టేజీ మీద ఆవిడ తల వంచారు. హారం ఎత్తానో లేదో చేతులు కిందికి లాగాయి. గిల్టుకి అంత బరువెక్కడిదే! తేరుకునేలోపే అది ఆవిడ మెడలో పడింది. చప్పట్లు. అందరికంటే గట్టిగా కొడుతున్నది మా అత్తగారే. (పాపం, మెడలో గిల్టు వేసుకుని!) తిరిగి ఇవ్వమని అడిగితే వీధి పరువేం కావాలి? అడక్కపోతే ఇంట్లో నా గతేం కావాలి? సర్దింది అత్తగారైనా, పోగొట్టింది కోడలే అవుతుంది కదా. ఆవిడ ఉపన్యాసం ఒక్క ముక్క వింటే ఒట్టు. చెయ్యి ఊపినప్పుడల్లా ఆ కాసులు ఊగుతుంటే, నా ప్రాణం కూడా వాటితోపాటే ఊగింది.

ఆవిడ కారెక్కబోతుంటే పోలీసుల చేతుల కిందనుంచి దూరి పరుగెత్తాను. "అమ్మా... ఆ నగ..." అన్నాను. ఆవిడ ఆగి, హారాన్ని అరచేతిలో ఆనించి చూశారు.

"సినిమాల్లో ఉన్నన్నాళ్ళూ గిల్టే మోశానమ్మా. దాని బరువు నా మెడకి తెలీదా? ఎవరో ఒకరు పరుగెత్తుకొస్తారని చూస్తూనే ఉన్నా" అని తీసి నా చేతిలో పెట్టారు. పెట్టి, "మరి నాదేదీ?" అని చెయ్యి చాపారు!

వెనక్కి తిరిగి చూపించాను. ఆయాసపడుతూ వస్తున్న అత్తగారి మెడలో తళతళలాడుతోంది. అది తీసి ఆవిడ మెడలో వేశాకే కారు కదిలింది.

ఇంటి ముందు రిక్షా దిగాక అత్తగారు, "ఇందాక మీటింగులో మెడ తేలిగ్గా ఉందేంటా అనుకుంటూనే ఉన్నా" అన్నారు.

ఆ కాసులపేరు ఇప్పుడు బ్యాంకు లాకర్లో ఉంది. నా మెడలోది ఆ తర్వాత మీ తాతయ్య చేసిన గిల్టుదే. ఒక్కోసారి అద్దం ముందు నిలబడి, ఆవిడలాగే అరచేతిలో ఆనించి చూసుకుంటాను. పోలీసుల్ని తప్పించుకుని దూరిపోయిన నాకే ఇప్పుడు సోఫాలోంచి లేవాలంటే నీ సాయం కావాలి. రాసింది చాల్లే, ఏదీ, చెయ్యివ్వు.