మాబు లేకుండా కడప డ్రైవ్

నిన్న పొద్దున బండికి పెట్రోల్ కొట్టిస్తుంటే ఫోన్ వచ్చింది. మాబు తమ్ముడు ఖాజా.

"శీనన్నా, మాబన్న పోయినాడన్నా. నిద్దట్లోనే."

సరే అన్నాను.

సరే అని ఎవరైనా అంటారా? నేను అన్నాను. బంకు అబ్బాయికి ట్యాంకు మూత పెట్టమని కూడా గుర్తు చేశాను. ఆ తర్వాత బండి ఎటు తిప్పాలో తెలియలేదు.

మహబూబ్ బాషా. మాకందరికీ మాబు. కర్నూలు డిగ్రీ కాలేజీలో నా బెంచ్‌మేట్, తర్వాత ఒకే కంపెనీలో నా పక్క సీటు.

నిన్నటి నుంచి గ్రూపుల్లో పువ్వుల స్టిక్కర్లు వస్తూనే ఉన్నాయి. దయచేసి ఆపండి. వాడు స్టిక్కర్ మనిషి కాదు.

ఏడుపు రాలేదు నాకు. ఇంకా రాలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మా కంపెనీ పని ఏమిటంటే, ఎక్కడెక్కడి కస్టమర్లకో ఇంగ్లీష్‌లో మెయిల్స్ రాయడం. అందుకే ఊరూరా డ్రైవ్ పెట్టి డిగ్రీ పిల్లల్ని ఉద్యోగాల్లోకి తీసుకునేటప్పుడు రిటన్ టెస్ట్ పెడతాం. హాల్లో నిలబడి టెస్ట్ పెట్టేది మాబు. వెనక కూర్చుని పేపర్లు దిద్దేది నేను.

మొదటిసారి కర్నూలులో పెట్టిన టెస్ట్ నేను మర్చిపోలేను.

ప్రశ్న సులభమే. కస్టమర్‌కి సరుకు టైముకి అందలేదు, కోపంగా ఉన్నాడు, జవాబు రాయండి.

పేపర్లు తిరగేస్తున్నాను. ఒకరికి జ్వరం. ఇంకొకరికి జ్వరం. ఆ పక్కవాడికి జ్వరంతో పాటు కడుపునొప్పి. హాల్లో సగం మంది కస్టమర్‌కి లీవ్ లెటర్ రాశారు!

పేపర్లు మాబు చేతిలో పెట్టి, నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్లొచ్చాను. మాబు నవ్వలేదు. ముందు వరసలో ఉన్న నందికొట్కూరు అమ్మాయిని అడిగాడు.

"ఏమ్మా, సరుకు రాలేదని వాడు మండిపోతాంటే, నాకు జరమొచ్చిందని ఎందుకు చెప్తాండావు?"

"తప్పు జరిగితే జరమనే రాయాల సార్. బళ్లో మాకు అదొక్కటే నేర్పిచ్చినారు."

హాలంతా గొల్లుమంది. ఆ పిల్ల మొహం మాడిపోయింది.

"నవ్వద్దండప్పా," అన్నాడు మాబు. "సరే తల్లీ, మీ నాయన ఏం చేస్తాడు?"

"ఉల్లిగడ్డలు పండిస్తాడు సార్."

"మీ లోడు మండీకి పోతాంటే దారిలో లారీ ఆగిపోయింది. షావుకారు ఫోన్లో అరుస్తాండాడు. ఏం చెప్తావు?"

"లారీ యాడుందో చెప్తా. ఎప్పటికొస్తాదో చెప్తా. అంతలోకి ఇంగో లోడు సర్దుతాం, కోపం చేసుకోవాకన్నా అంటా."

"అంతే. అదే ఇంగ్లీషులో రాయి."

రాసింది. అక్కడక్కడా తప్పులున్నాయి. కానీ చదివితే కస్టమర్ కోపం తగ్గేలా ఉంది. ఇప్పుడు ఆ అమ్మాయి మా టీమ్‌లోనే ఉంది. నిన్న మాబు ఇంటి ముందు ఒక పక్కన నిలబడి ఉంది.

ఆ రోజు నుంచి అదే మాబు పద్ధతి. డ్రైవ్ రోజు పొద్దున్నే ఉగ్గాని, బజ్జీ కడుపునిండా తినడం, హాల్లోకి వెళ్లడం, పేపర్ ఇచ్చే ముందు పిల్లల చేత జవాబు తెలుగులో చెప్పించడం. నోటితో చెప్పగలిగినోడు చేత్తో రాయగలడని వాడి నమ్మకం.

హెడ్ ఆఫీసుకి ఇది నచ్చలేదు. టెస్ట్‌కి ముందు హింట్స్ ఇస్తున్నారన్నారు. ఆ ఊర్ల ఇంగ్లీష్ మనకు పనికిరాదు, కర్నూలు, కడప లిస్టులోంచి తీసేద్దాం అన్నారు.

మాబు కాల్‌లో గొంతు చించుకున్నాడు. మా ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో కూడా అంత టెన్షన్ పడినట్టు చూడలేదు వాణ్ణి. చివరికి ఒక మాటకి ఒప్పించాడు. ఈసారి కడపలో తన పద్ధతిలోనే టెస్ట్ పెడతాడు, పేపర్లు హైదరాబాద్‌లో వేరేవాళ్లు దిద్దుతారు. బాగుంటే డ్రైవ్‌లు ఉంటాయి. లేకపోతే ఈ రెండు ఊర్లకీ మేము ఇక వెళ్లం.

ఆ డ్రైవ్ ఎల్లుండి.

నిన్న సాయంత్రం జనాజాలో అందరితో పాటు నడిచాను. పిడికెడు మట్టి వేశాను. చెయ్యి కడుక్కుంటుంటే హెడ్ ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. చాలా బాధగా ఉందని రాసి, కింద కడప డ్రైవ్ పోస్ట్‌పోన్ చేద్దామా అని అడిగారు.

మా ఆఫీసులో పోస్ట్‌పోన్ అయింది మళ్లీ జరగడం నేనైతే చూడలేదు.

ఒళ్లు మండింది. నిన్నంతా నాకు ఏదైనా అనిపించిందంటే అదొక్కటే.

వద్దని రాశాను. అనుకున్న రోజే జరుగుతుంది, నేను చేయిస్తాను అని. హాలు ముందు నిలబడి ఏనాడూ నోరు తెరవని నేను.

వాడి ప్రశ్నలు నా దగ్గరున్నాయి. వాడి గొంతు నాకు లేదు. పిల్లలు మాట్లాడతారో లేదో తెలియదు. రేపు మధ్యాహ్నం బస్సు.

ఎల్లుండి ఆ హాల్లో కూర్చునే పిల్లలకు మాబు ఎవరో తెలియదు. ఎవరో ఒకాయన వచ్చి టెస్ట్ పెట్టి పోయాడనుకుంటారు. ఉద్యోగం వచ్చినవాళ్లు ఇంటికి ఫోన్ చేసుకుంటారు. ఆ ఫోన్లలో నీ పేరు ఉండదు మాబూ.

పోయిరా. ఈ ఎండలు నీకిక చాలు. అల్లా నిన్ను చల్లటి చోట ఉంచాలి.