బిడ్డను తెచ్చుకున్న రోజు

నిజామాబాద్‌లో మేం నడిపే ఆశ్రయానికి ఆమె కాలు విరిగి వచ్చింది. బోధన్ దగ్గర బీడీలు చుట్టుకుని బతికే మనిషి. మొగుడు వదిలేసి పోయాడు. చూసే దిక్కు లేక చిన్న బిడ్డను వేరే ఊళ్లోని పిల్లల హోమ్‌లో పెట్టారు. కాలు నయమై, బోధన్‌లో గది దొరికేసరికి ఏడాది దాటింది. పిల్లల సంక్షేమ కమిటీ బిడ్డను తిరిగి ఇవ్వాలంటే ఆ పిల్ల తల్లిని గుర్తుపట్టాలి.

మాకు ఆరాటం ఎక్కువ, తెలివి తక్కువ. ఆ వారమంతా ఆమెను బీడీల చాట ముట్టనివ్వలేదు, చేతులు తంబాకు వాసన కొడితే కమిటీ మేడం ఏమనుకుంటుందోనని. సబ్బుతో రుద్దించాం. ఎవరిదో కొత్త చీర కట్టించాం. అడిగితే ఏం చెప్పాలో ఎక్కాలు నేర్పినట్టు నేర్పాం. పెళ్లికూతురిలా తయారైంది.

తీరా కమిటీ ఆఫీసుకు పోతే, బిడ్డ ఆమెను కిందికీ మీదికీ చూసి హోమ్ ఆయా కొంగు చాటుకు పోయింది. ఎంత పిలిచినా రాలేదు. నేర్పిన మాటలన్నీ తల్లి గొంతులోనే ఉండిపోయాయి. ఇంకొన్నాళ్లు ఆగి చూద్దామని మేడం అంటుంటే నాకు ఒళ్లు మండింది. మేడం మీద కాదు, ఆ చీర మీద.

బయటికి వచ్చాను. ఎదురు గల్లీలో ఒక ముసలి ముస్లిం ఖాలా గడపలో కూర్చుని బీడీలు చుడుతోంది. ఉరికి పోయి సంగతి చెప్పాను. ఆమె ఒళ్లోని చాటను ఆకు, తంబాకు, దారంతో సహా ఎత్తి ఇచ్చింది. ఆఫీసులో బీడీలేమిటని గుమస్తా గొణిగాడు. గొణుక్కోనిచ్చాను.

తల్లి నేల మీద కూర్చుని చాట ఒళ్లో పెట్టుకుంది. వేళ్లు వాటంతటవే ఆడాయి. రెండో బీడీకో మూడో బీడీకో ఆయా కొంగు కదిలింది. బిడ్డ మెల్లగా వచ్చి మోకాలి పక్కన చతికిలబడి, దారం కొస పట్టుకుని ముఖం చిట్లించింది.

"మనది ఎర్ర దారం గద అవ్వా. గిది ఎవలది?"

అవ్వ అంటే మా దిక్కు అమ్మే. బీడీ దారం కంపెనీకో రంగు. బోధన్‌లో ఆమె చుట్టేవి ఎర్ర దారంవే. తల్లి చాటను పక్కకు నెట్టి బిడ్డను ఒళ్లోకి లాక్కుంది. మేడం కళ్లద్దాలు తుడుచుకుని సంతకం పెట్టింది. నేను బోరున ఏడ్చాను, అందులో సిగ్గేం లేదు.

సాయంత్రం ఇద్దరినీ బోధన్ బస్సు ఎక్కించాం. ఈ పిల్ల ఎవరని కండక్టర్ అడిగాడు. కమిటీ ముందు నోరు పెగలని మనిషి బస్సంతా వినేటట్టు చెప్పింది.

"నా బిడ్డ."